రేవు దాటివచ్చిన బొమ్మల కథలు

జపాను దేశమునందు చిత్రకథలకు, అనగా మాంగాలకు, ఏటేట ఒక లెక్క తేలుచుండును. పత్రికలుగా ఎన్ని పోయినవి, సంపుటములుగా ఎన్ని పోయినవి, ఇటీవలి కాలమున ఫోను తెరపై ఎంత సొమ్మునకు చదువబడినవి అను విషయములను ప్రచురణరంగమును పరిశీలించు సంస్థలు లెక్కగట్టి లోకమునకు వెల్లడించును. ఆ లెక్కల ప్రకారము 1995వ సంవత్సరమున సుమారు 58,600 కోట్ల యెన్లకు చేరి, ఆ పిమ్మట పాతికేండ్లపాటు ఆ ఎత్తును మరల అందుకొనలేకపోయిన ఆ వ్యాపారము 2020లో 61,000 కోట్లను దాటి, 2024 నాటికి 70,000 కోట్ల యెన్లను మించినది. 1994 చివర విపణికి వచ్చిన షోనెన్ జంప్ వారపత్రిక సంచిక ఒక్కటే 65 లక్షల 30 వేల ప్రతులు అచ్చయినదనిన, వారము తిరుగుసరికి కథలో ఏమి జరుగునో అను ఆతురత ఒక దేశమున ఎంత పెద్ద పరిశ్రమను నిలబెట్టగలదో ఊహించుకొనవచ్చును.

అమలాపురము, రాజోలు, కొత్తపేట సీమలతో కూడిన కోనసీమకు ఇట్టి లెక్క గట్టు ఆచారము లేదు. అయినను బొమ్మలతో కూడిన కథలను నెలనెలా, వారవారము కొని చదువుట ఇచ్చట రెండు మూడు తరముల జీవితమున విడదీయరాని భాగమై, ఆ వ్యాపారమునకు తనదైన ఒక సంవత్సరచక్రము ఏర్పడియుండెను. ఆ చక్రమును నడపినవి మూడు: నది, కొబ్బరి, పండుగ. పత్రికను రేవు దాటించునది గాని ఆపివేయునది గాని నది; దానిని కొనుటకు చేతికి డబ్బునిచ్చునది కొబ్బరి; దానికి ప్రత్యేక సంచికను తెచ్చునది పండుగ. ఈ మూడింటిని వెంబడించి పోయినచో, కథను చదువు ఆసక్తియందు కోనసీమ జపానుకు తీసిపోలేదనియు, చదివిన పుటలను పుస్తకముగా మార్చు పని అచ్చట ప్రచురణకర్తల చేతికిని, ఇచ్చట పాఠకుల చేతికిని పోవుటవలననే రెండు చరిత్రలును రెండు దారులు పట్టినవనియు తెలియగలదు.

గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ తన మేని గుండా ప్రవహింపగా, దక్షిణమున సముద్రమే హద్దుగా గల ఈ త్రిభుజాకారపు నేలకు ఏ దిక్కునుండి రావలెనన్నను నీరు దాటవలసినదే. 1847లో ఆరంభమై 1852 నాటికి నిలిచిన ధవళేశ్వరము ఆనకట్టయు, బొబ్బర్లంక తలుపులనుండి బయలుదేరిన మధ్య డెల్టా కాలువలును, గన్నవరము వద్ద వైనతేయ మీదుగా నీటిని నగరంలంకకు చేర్చిన అక్విడెక్టును ఈ సీమకు పంటను మాత్రమే గాక మార్గమును కూడ ప్రసాదించినవి. 1900లో రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలువంతెన పడిన పిమ్మట మద్రాసులో మెయిలెక్కిన కాగితపు కట్ట మరునాటికి గోదావరిగట్టును చేరగలిగినది. అటుపై దానికి ద్వారములు కొన్ని కలవు: రాజమహేంద్రవరమునుండి కాలువ మీదుగా కొత్తపేట వైపునకు, కాకినాడనుండి కోటిపల్లి వచ్చి, గౌతమి దాటి ముక్తేశ్వరమునకు, యానాము నుండి ఎదుర్లంకకు, నరసాపురము రైలుస్టేషనునుండి వసిష్ఠ దాటి సఖినేటిపల్లికి. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో వేసిన రైలుపట్టాలను యుద్ధావసరములకై 1940లో పెరికివేయుటచే ఆ ద్వారమును చేరుటకు మరల రోడ్డే గతియైనది. కథలు కోనసీమకు వచ్చిన దారి ఇట్టిది.

పత్రికలకు పూర్వము కథలు లేవని కాదు. బొమ్మను చూపుచు కథ చెప్పు విద్య ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. దీపపు వెలుగున తెరపై నడచు తోలుబొమ్మలు గోదావరి మండలములయందు రామాయణ భారతములను రాత్రుల తరబడి పలికించినవి. జపానునందును 1930ల ప్రాంతమున వీధివీధికి సైకిలుపై తిరుగుచు, పిల్లలకు మిఠాయిలమ్మి, పెట్టెలో అట్టబొమ్మలను ఒక్కొక్కటిగా మార్చుచు కథ చెప్పు కమిషిబాయి కళాకారులు వేలకొలది యుండిరి. తరువాతి కాలపు మాంగా రచయితలలో మిజుకి షిగెరు వంటివారు ఆ అట్టబొమ్మలు గీయుటతోనే చేయి తిప్పుట నేర్చిరి. అచ్చట బొమ్మల కథకుడు అచ్చుపుస్తకములోనికి నడచిపోయినాడు. ఇచ్చట తోలుబొమ్మల కళాకారునకు అచ్చుయంత్రముతో పొత్తు కుదురలేదు. కందుకూరి వీరేశలింగము 1874లో వివేకవర్ధనిని వెలువరించిన నాటినుండి అచ్చునకు ప్రసిద్ధి గాంచిన రాజమహేంద్రవరమున మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీ కథలవంటివి సంపుటములు సంపుటములుగా వచ్చినను, అవి ప్రధానముగా అక్షరములతో నడచిన కథలే. చౌకబారు కథల పుస్తకములు పెదబాలశిక్షతో పాటు తీర్థములయందు గోనెపట్టాలపై పరచి అమ్ముడుపోవుచుండెడివి.

అక్షరమునకు బొమ్మను ప్రతివారము తోడు తెచ్చిన కీర్తి ఆంధ్రపత్రికకు చెందవలెను. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయియందు వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునకు తరలించి దినపత్రికను కూడ నడపిన ఆ సంస్థ 1910 నుండియే ఉగాదికి ప్రత్యేక సంచికలను ప్రచురించుట మొదలిడినది. పండుగకు పిండివంటతో పాటు ఒక సంచిక ఇంటికి రావలెనను కోరికను తెలుగు మధ్యతరగతి గృహములలో నాటినవి ఆ సంచికలే. వర్ణచిత్రములు, ఛాయాచిత్రములు, కథలు, వ్యాసములు కలసి బరువుగా వచ్చు ఆ గ్రంథమును సంవత్సరము పొడుగునను చదువుకొనుటయు, అందలి రంగుల బొమ్మను చించి అద్దము కట్టించి గోడకు తగిలించుటయు ఆనాటి ఆచారములు. పత్రికనుండి తనకు వలసినదానిని వేరుచేసి శాశ్వతము చేసికొను అలవాటు అచ్చటనే పుట్టినదని చెప్పవచ్చును.

1947 రెండు దేశములకును స్మరణీయమైన సంవత్సరము. యుద్ధములో కాలి బూడిదయైన జపానునందు, ఆ ఏటి ఆరంభమున ఒసాకా నగరమునుండి వైద్యవిద్యార్థియగు తెజుకా ఒసాము గీసిన క్రొత్త రత్నద్వీపపు కథ ఒకటి చౌకకాగితముపై, ఎర్రరంగు అట్టతో వెలువడి, నాలుగు లక్షల ప్రతులు అమ్ముడుపోయెనని ప్రసిద్ధికెక్కి, ఆధునిక మాంగాకు నాంది పలికినది. అదే ఏడు జూలై మాసమున, స్వాతంత్ర్యమునకు ఒక నెల ముందు, మద్రాసునుండి నాగిరెడ్డి చక్రపాణులు చందమామ అను పిల్లల మాసపత్రికను తెలుగు తమిళములలో ఉదయింపజేసిరి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. అయినను రెండింటి ప్రేరణయు ఒక్కటే: బాలునకు తన డబ్బుతో తానే కొనుక్కొనదగినంత చౌకగా, పెద్దవారును చాటుగా చదువదగినంత రుచిగా, పుటపుటకు బొమ్మతో కథ చెప్పుట.

ఈ పోలిక ఇంతటితో ఆగిపోవును. తెజుకా బొమ్మలోనే కథను నడపినాడు. ఒక గడిలో పరుగెత్తిన కారు మరుసటి గడిలో పాఠకుని మీదికి వచ్చును, మాటలు తోకబుడగలలో ఉండును. చందమామలో కథ వేరు, బొమ్మ వేరు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980లో మరణించువరకు సంపాదకత్వపు భారమును మోసి, పంపిన ప్రతి కథకును ఒకే సరళమైన భాషను తొడిగినను సంపాదకుడుగా ఆయన పేరు పత్రికపై కనబడలేదు. 1954లో తోకచుక్కతో ఆరంభించి డజను ధారావాహికలను వ్రాసి, నెలనెలా లక్షలాది పిల్లలను మాంత్రికులతోను, మకరదేవతలతోను, శిథిలాలయములతోను ఊపిరి బిగపట్టించిన దాసరి సుబ్రహ్మణ్యము పేరు ఆ సీరియళ్లపై అచ్చుపడలేదు. ఆ రచనలకు రూపమిచ్చిన చిత్రా, బేతాళుని భుజాన వేసికొన్న విక్రమార్కుని గీసిన శంకర్, ముఖచిత్రముల వపా (వడ్డాది పాపయ్య) మాత్రము తమ సంతకముల మూలమున పాఠకులకు తెలిసిరి. సంస్థ గొప్పదియై, వ్యక్తి మరుగున పడు ఈ పద్ధతి పత్రిక బ్రతికియున్నంతవరకు సొగసుగనే కనబడినది. దాని నష్టము తరువాతగాని తెలియలేదు.

పెద్దల వారపత్రికలలో బొమ్మకు ఇంకొక గౌరవము లభించినది. వసిష్ఠకు ఆవలిగట్టుననున్న నరసాపురమున 1933లో జన్మించిన బాపును, ఆనకట్ట ఊరగు ధవళేశ్వరమున 1931లో జన్మించిన ముళ్లపూడి వెంకటరమణయు 1956 ప్రాంతమున ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగును ప్రవేశపెట్టినప్పుడు, గీత లేక మాట లేదు, మాట లేక గీత లేదు అనునట్టి పొందిక తెలుగునకు అలవడినది. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడగు బుజ్జాయి డుంబును, పంచతంత్రమును గడులు గీచి, తోకబుడగలు పెట్టి, అచ్చమైన చిత్రకథలుగానే రూపొందించెను. మాంగాకు మిక్కిలి సమీపమునకు వచ్చిన తెలుగు చిత్రకథ అదియే. వీరందరును గోదావరిగాలి సోకినవారగుటచే, వారి బొమ్మలలోని రేవులు, పంచెకట్లు, పూరిపాకలు, వాలుజడలు కోనసీమ పాఠకునకు పరాయివిగా తోచలేదు.

ఇక ఆ పత్రికలు ఈ సీమలో గడపిన సంవత్సరమును చూతము. తెలుగు సంవత్సరము ఉగాదితో మొదలగునట్లే పత్రికల సంవత్సరమును ఉగాది సంచికతో మొదలగును. అది మాసూళ్లు ఇంటికి వచ్చి చేయి కొంచెము తడిగానుండు కాలము. అటుపై వేసవి. కాలువలు కట్టివేయగా పడవలు బురదలో ఒరిగి నిలుచును. కాలువ మీదుగా సులభముగా రావలసిన కట్టలు బండ్లపైనను, బస్సులపైనను చుట్టు తిరిగి వచ్చును. కాని బడులు మూసియుండుటచే పిల్లల పత్రికకు గిరాకీ మాత్రము హెచ్చును. అమ్మమ్మగారింట చేరిన అరడజను మంది పిల్లలకు ఒక్క చందమామ చాలక, చదువు వంతులకై వాదులు జరుగుచుండెడివి. ఒక్కడు బిగ్గరగా చదువగా తక్కినవారు బొమ్మలపై తలలు వాల్చి వినుట ఆ వాదులకు దొరికిన పరిష్కారము.

జూన్ మాసమున కాలువలు వదలిన కొలదికాలమునకే వరదలు. శ్రావణ భాద్రపదములలో గోదావరి ఎర్రబడి, రేవులలో పంటు కట్టుబడి, లంకగ్రామములు నీటి నడుమ చిక్కినపుడు, సీరియలు నాయకుడు ఏ గుహలో చిక్కువడెనో తెలియకయే వారములు గడచిపోవుచుండెను. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహమును చూపిన మహావరద వంటివి వచ్చినపుడు పత్రికలమాట తలచువారే లేరు. నీరు తీసినపిమ్మట దసరా; ఆ వెంటనే దీపావళి సంచికలు. చక్రపాణి యువ పత్రిక దీపావళి ప్రత్యేక సంచికలు వడ్డాది పాపయ్య చిత్రములతో ఇంటికి వచ్చుట ఒక అలంకారముగా భావింపబడెను. సంక్రాంతికి మరల ఒక విడత. జగ్గన్నతోటలో కనుమనాడు ఏకాదశరుద్రుల ప్రభలు కూడునపుడును, మాఘమాసమున భీష్మైకాదశికి అంతర్వేది తీర్థము సాగునపుడును జనము గుమికూడు చోట చిన్నపుస్తకముల అమ్మకమును సాగుచుండెను. అంతర్వేదితో ఏడు తిరిగివచ్చినట్లే.

ఈ చక్రమునకు ఇరుసు ఏజెంటు. అతడు సాధారణముగా బస్సుస్టాండు ప్రక్కన ఒక బడ్డీకొట్టు పెట్టుకొని, సోడాలు, కిళ్లీలు, నోటుపుస్తకములతో పాటు పత్రికలను దారముపై వ్రేలాడగట్టి అమ్మువాడు. కంపెనీవారు కమీషను ఇత్తురు. మిగిలిన ప్రతులను అందరును తిరిగి తీసికొనరు. కావున ఎన్ని తెప్పించవలెనో నిర్ణయించుటయే అతని నేర్పు. కోనసీమలో నగదు చేతికి వచ్చునది రెండు మాసూళ్లకును, రెండునెలలకొకసారి వచ్చు కొబ్బరిదింపులకును. కాయలు అంబాజీపేట మార్కెట్టునకు పోయి, వర్తకుడు లెక్క చూచినపిమ్మట ఇంటి ఖర్చులన్నియు తీరును; పత్రికఖాతా వానిలో చిట్టచివరిది. చందాదారులకు పోస్టుజవాను వరుసగా తెచ్చి ఇచ్చు ప్రతి ఇంకొకటి. చందమామ ఫోటోవ్యాఖ్యల పోటీకి పోస్టుకార్డులు వ్రాసి, గెలిచినచో తన పేరును ఊరి పేరుతో సహా అచ్చులో చూచుకొను ఆశ ఎందరు బాలురచే కార్డులు కొనిపించినదో పోస్టాఫీసువారే చెప్పవలెను.

చదువరులందరును ఒక్కతీరు వారు కారు. వీధి గడప దాటని స్త్రీలకు వారపత్రిక బయటిలోకపు కిటికీయైనది. దానిని తెచ్చిపెట్టు పని ఇంటి పిల్లవానిది. పుస్తకమే చేతికి దక్కని వర్గములును ఈ పచ్చని సీమలో ఉండెను. మామిడికుదురున 1911లో దళితకుటుంబమున జన్మించిన బోయి భీమన్న తన పాలేరు నాటకమున బడికి పోవలసిన బాలుని కథను చెప్పి ఎందరినో చదువువైపు నడపుటను తలచుకొన్నచో, ఒక అరుగుపై చదువబడిన కథ వీధి చివరివరకు సమానముగా వినబడలేదని గ్రహింపవలెను. ఆ అంతరమును కొంతవరకైనను తగ్గించినది డబ్బు తీసికొని పుస్తకమిచ్చు అద్దె దుకాణము. అందు అడుగబడునది డిపాజిట్టే గాని గోత్రము కాదు.

ఈ అద్దె దుకాణములు 1960 తరువాత రెండు దశాబ్దములపాటు తెలుగుసీమలో చిన్నపట్టణములన్నిటను వెలసినవి. నవలకు రోజు కింత, వారపత్రికకు పూట కింత అని రేటు. పుట చింపినవానికి జరిమానా. క్రొత్త సంచిక వచ్చిననాడు దానికై పేర్లు వ్రాయించుకొన్నవారి వరుస. సరిగా ఇట్టి సంస్థయే జపానునందు కషిహోన్ అను పేర 1950లలో వీధివీధిని వర్ధిల్లి, కొను శక్తి లేని కార్మికయువకులకు బొమ్మలకథలను అద్దెకిచ్చినది. వారికై ప్రత్యేకముగా వ్రాయబడిన కటువైన, పెద్దలకు తగిన కథలనుండియే 1957లో తత్సుమి యోషిహిరో గెకిగా అని పేరు పెట్టిన శైలి జనించినది. 1959 మార్చి 17న షోనెన్ మాగజైన్, షోనెన్ సండే అను రెండు వారపత్రికలు ఒకేనాడు పుట్టి, 1960లలో ఇంటింటికి వ్యాపించుటతో కషిహోన్ దుకాణములు క్రమముగా మూతపడెను. వాని రచయితలు వారపత్రికలకు వలసపోయిరి. తెలుగుదేశమున అద్దె దుకాణము వారపత్రికలోనుండి పుట్టి, వారపత్రికను పోషించుచు, దానితోపాటే వాడిపోయినది.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. వారపత్రికలోని సీరియలు ముగిసిన పిమ్మట దాని గతి ఏమి? కోనసీమ ఇండ్లలో దానికొక స్థిరమైన పద్ధతి ఉండెను. ప్రతివారము సంచిక అందరును చదివినపిమ్మట, పిన్నులు ఊడదీసి, సీరియలు పుటలను మాత్రము వేరుచేసి, తేదీల వరుసన దొంతిగా పెట్టి, బరువు క్రింద ఉంచెదరు. మిగిలిన పుటలు పచారీకొట్టునకు పోయి పొట్లములగును. సీరియలు పూర్తియైనపిమ్మట ఆ దొంతిని బైండింగువానికి ఇచ్చెదరు. అతడు దబ్బనముతో ప్రక్కకుట్టు వేసి, మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండ మైలుతుత్తము కలిపిన జిగురుతో అట్ట అతికి, వీపునకు కాలికోగుడ్డ వేసి, అంచులు కోసి ఇచ్చును. పైన పేరు వ్రాయుట ఇంటిలో దస్తూరి బాగుగానున్నవారి వంతు. ఆ సంపుటము అటుపై ఆడపడుచులకును, వియ్యాలవారికిని, ప్రక్క ఊరి స్నేహితురాండ్రకును తిరిగి తిరిగి, రేవులు దాటి, అంచులు నలిగి ఇంటికి వచ్చును. చందమామలను పన్నెండేసి సంచికలుగా బైండు చేయించుట ఇంకొక సంప్రదాయము. ఒక పుట వెనుక తలనూనె ప్రకటన, ఇంకొక పుట వెనుక సగము తెగిన వంటల శీర్షిక, వేరొక పుట అంచున ఎవరో కూడిన చాకలిపద్దు గల ఆ సంపుటములు కథతోపాటు కాలమును కూడ బంధించినవి.

జపానునందు ఈ పనిని ప్రచురణకర్త చేసినాడు. వారపత్రిక అచ్చట చౌకకాగితముపై, టెలిఫోను డైరెక్టరీ అంత లావున, చదివి పారవేయుటకే అచ్చగును. అందలి కథ కొన్ని ప్రకరణములు కాగానే, అదే ప్రచురణకర్త దానిని మంచి కాగితముపై, రచయిత పేరుతో, సంఖ్య వేసి, తంకోబోన్ అను చిన్న సంపుటముగా అమ్మును. 1960ల ద్వితీయార్ధమున స్థిరపడిన ఈ పద్ధతిలో వారపత్రిక లాభములేకున్నను సంపుటము లాభము తెచ్చును, చిత్రకారునకు పత్రికలో పుటకింత ప్రతిఫలమును, సంపుటముపై రాయల్టీయును, రెండు విధముల దక్కును. అంతకు పూర్వమే హసెగావా మాచికో 1946లో సజాయె-సాన్ అను గృహస్థుల హాస్యచిత్రకథను దినపత్రికలో ఆరంభించి, తన అక్కచెల్లెండ్రతో కలసి సొంతముగా ప్రచురణసంస్థ స్థాపించి, ఆ సంపుటములను తామే అమ్ముకొని నిలిచిరి. 2020 డిసెంబరులో కిమెత్సు నొ యైబా అను మాంగా చివరి సంపుటము 39 లక్షల 50 వేల ప్రతులతో ప్రథమముద్రణ పొందినదన్న వార్త వెనుక ఈ అర్ధశతాబ్దపు ఏర్పాటు కలదు.

తెలుగున అక్షరముల సీరియలునకు ఈ రెండవ జన్మ లభించినది. మచిలీపట్నపు ఎం. శేషాచలము కంపెనీవారి ఎమెస్కో సంస్థ చౌకధర పాకెట్ పుస్తకములతోను, నెలనెలా సభ్యులకు పుస్తకములు పంపు ఇంటింటా గ్రంథాలయము పథకముతోను నవలను పల్లెకు చేర్చినది. జ్యోతి మాసపత్రికలో సీరియలుగా వచ్చిన యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ వంటివి పుస్తకములై పునర్ముద్రణలు పొందెను. రాజోలు సీమవాడగు యండమూరి వీరేంద్రనాథ్ 1980ల ఆరంభమున ఆంధ్రభూమి వారపత్రికలో తులసిదళము వ్రాయుచుండగా ఆ పత్రికకై ఏజెంట్ల వద్ద జనము గుంపులు కట్టిరి. అదియు పుస్తకమై తరువాతి తరమునకు దక్కినది. గౌతమికి ఉత్తరపుసీమలోని పసలపూడి కథలను వంశీ స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో వ్రాసి, గ్రంథముగా కూడ నిలిపినాడు. చందమామ ధారావాహికలకు మాత్రము, చిత్రా బొమ్మలతో సహా, ఆ పత్రిక వెలుగొందిన కాలమున సంపుటరూపమైన రెండవ జీవితము దక్కలేదు. కొనువారు లేక కాదు. ప్రతి ఇంటను బైండింగువానికి డబ్బిచ్చి ఆ పుస్తకమును చేయించుకొన్నవారు వేలకొలది ఉండనే ఉండిరి. ఆ డబ్బు బైండింగువానికి చేరినది, రచయితకును చిత్రకారునకును చేరలేదు.

1995లో జపాను బొమ్మలకథల పత్రిక తన శిఖరమును చూచి దిగుట మొదలిడిన నాటనే, ఇచ్చట ఈటీవీ, జెమినీ వంటి తెలుగు శాటిలైటు చానెళ్లు ఆరంభమై, వారమునకొకసారి వచ్చు ఉత్కంఠను రోజునకొకసారికి మార్చివేసినవి. జపానునందు వారపత్రిక సన్నగిల్లినను సంపుటము నిలిచి, అటుపై తెరమీది పుస్తకము దానిని మించి, 2017 నాటికి కాగితపు సంపుటముల అమ్మకమును దాటిపోయినది. ఇచ్చట 1991లోనే ఆంధ్రపత్రిక మూతపడియుండెను. చందమామ 1998లో ఒకసారి ఆగి, తిరిగి వెలువడి, 2007లో చేతులు మారి, 2013 నాటికి నిలిచిపోయినది. విధివిలాసమేమనగా, పత్రికను ఇన్నేండ్లు ఆపిన నీటిపై వంతెనలు పడినది సరిగా ఈ కాలముననే. అమలాపురమునుండి ఎన్నికై లోకసభాపతియైన జి.ఎం.సి. బాలయోగి పేరిట యానాము ఎదుర్లంకల నడుమ 2002లో వంతెన సిద్ధమైనది. పెరికివేసిన కోటిపల్లి రైలు 2004లో తిరిగివచ్చినది. నరసాపురము రేవున మాత్రము నేటికిని పంటే. దారి సుగమమగునప్పటికి ఆ దారిన రావలసిన కట్టలు సన్నబడిపోయెను.

1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టము చేసి, వేయిమందికి పైగా ప్రాణములను బలిగొన్నప్పుడు ఇండ్లతోపాటు ఇంటి అటకలపైనున్న కాగితమును తడిసిపోయినది. అయినను ఇటీవల పాతచందమామలు కంప్యూటరులోనికి ఎక్కింపబడినప్పుడును, దాసరివారి ధారావాహికలు చిత్రా బొమ్మలతో పుస్తకములుగా ఆలస్యముగానైనను వెలువడినప్పుడును, ఇండ్లలో దాచుకొన్న ప్రతులును, బైండు సంపుటములును ఆ సేకరణకు అక్కరకు వచ్చినవి. సంస్థ చేయవలసిన భద్రతను పాఠకుడు చేసినాడు.

కావున తెలుగున చిత్రకథ నిలువకపోవుటకు టెలివిజనునో, పిల్లల అభిరుచినో కారణముగా చెప్పుట సులభమే గాని సంపూర్ణము కాదు. జపాను పిల్లలకును టెలివిజను కలదు. పత్రికలోని కథకు పత్రిక దాటిన బ్రతుకును కల్పించి, అందులో గీసినవానికి పేరును, పైకమును పంచు ఏర్పాటు అచ్చట ఉన్నది, ఇచ్చట లేకపోయినది. నేడు చిత్రకథలు వేయబూనిన తెలుగు యువకులు తమ కథలను ఎచ్చట ప్రకటించినను, ముందుగా నిర్ణయించుకొనవలసినది ఈ సంపుటము సంగతియే. పాఠకుడు తన ఖర్చుతో కుట్టించుకొన్న పుస్తకమునకు ప్రచురణకర్త వెలగట్టి, దానిలో వాటాను గీసిన చేతికి అందింపనంతకాలము, పండుగసంచికలు ఎన్ని వెలువడినను ఆ వ్యాపారము ప్రతి ఉగాదికి మొదటినుండియే ఆరంభింపవలసియుండును.